ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టును కట్టడం, కాంట్రాక్టులు రాయడం ఎలా

ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడెవరో అయిదేళ్లకు 100 మిలియన్ డాలర్ల కాంట్రాక్టుపై సంతకం పెట్టాడని వార్త వస్తుంది. ఆ 100 అనే అంకెను పక్కన పెట్టేయండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద కాంట్రాక్టులు చాలావరకు చివరి ఏడాది దాకా నడవవు. ఆఖరి రెండేళ్ల జీతాలు ఏజెంటు గొప్ప కోసం రాసినవే అనుకున్నా పెద్ద తప్పు లేదు. జట్టు నడిపేవాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. మొదటి రెండేళ్లలో చేతికిచ్చే నగదు ఎంత? ఏ ఏడాది క్యాప్‌లో, అంటే ఆటగాళ్ల మీద జట్టు ఏడాదికి పెట్టగల ఖర్చు పరిమితిలో, ఎంత పడుతుంది? ఏ తేదీ దాటితే ఈ ఆటగాణ్ని వదిలించుకోవడం కష్టం? రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) కట్టే పని మొత్తం ఈ మూడు జవాబుల మీదే నడుస్తుంది.

కింద చెప్పేదంతా జనరల్ మేనేజర్ కుర్చీలోంచి చూసే లెక్క. నియమాలు లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2020లో కుదిరిన ఒప్పందంలోవి. అది 2030 సీజన్ దాకా అమల్లో ఉంటుంది. అంకెలన్నీ మిలియన్ డాలర్లలో ఉంటాయి, మిలియన్ అంటే పది లక్షలు.

ముందు మీ క్యాప్ ఎంతో తేల్చుకోండి

శాలరీ క్యాప్ 1994లో 34.6 మిలియన్లతో మొదలైంది. 2025లో 279.2 మిలియన్లకు చేరింది. ఏటా పెరగడమే దీని అలవాటు కానీ కోవిడ్ దెబ్బకు 2020లో 198.2 ఉన్నది 2021లో 182.5కి పడిపోయింది. వచ్చే ఏడాది ఎలాగూ పెరుగుతుందిలే అని భారాన్ని ముందుకు తోసిన జట్లు ఆ మార్చిలో మంచి మంచి ఆటగాళ్లను వదులుకోవాల్సి వచ్చింది.

ఇది గట్టి పరిమితి. జరిమానా కట్టి దాటేద్దామంటే కుదరదు. అయితే మీ జట్టుకు వర్తించే అంకె లీగ్ ప్రకటించిన అంకె కాదు. నిరుడు వాడకుండా మిగిల్చుకున్నది దానికి కలుస్తుంది. వెళ్లిపోయిన ఆటగాళ్ల తాలూకు మిగిలిన భారం, అంటే డెడ్ మనీ (దాని లెక్క కింద వస్తుంది), దాంట్లోంచి పోతుంది. ఆ తర్వాత మిగిలిందే మీరు ఖర్చు పెట్టగలిగేది. ఈ లెక్క మార్చి మధ్యలో, కొత్త లీగ్ సంవత్సరం మొదలయ్యే రోజు తూర్పు అమెరికా సమయం సాయంత్రం 4 గంటలకల్లా సరిపోవాలి.

ఆఫ్‌సీజన్‌లో 90 మంది దాకా ఉంచుకోవచ్చు. క్యాప్‌లో మాత్రం అత్యధికంగా పడే 51 మంది లెక్కే పూర్తిగా చూస్తారు. మిగతావాళ్ల సైనింగ్ బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే మొత్తం) వాటా మాత్రం కలుస్తుంది. కొత్తవాణ్ని తీసుకున్నప్పుడు నికర ఖర్చు ఎంతో తెలియాలంటే ఇది గుర్తుండాలి. 3 మిలియన్లకు ఒకణ్ని తెచ్చారనుకోండి, 51వ స్థానంలో ఉన్న 0.96 మిలియన్ల ఆటగాడు లెక్కలోంచి జారిపోతాడు. క్యాప్‌లో నిజంగా తగ్గేది 2.04 మాత్రమే. ఈ వెసులుబాటు సీజన్ మొదలయ్యేటప్పటికి పోతుంది. ఆ సంగతి కింద వస్తుంది.

క్యాప్ పుస్తకం పక్కనే నగదు పుస్తకం కూడా తెరిచి ఉంచుకోవాలి. ఈ ఏడాది ఆటగాడి ఖాతాలో వేసే డబ్బు, ఈ ఏడాది క్యాప్‌లో పడే అంకె దాదాపు ఎప్పుడూ ఒకటి కావు. యజమాని జేబు లోతు కనిపించేది నగదు పుస్తకంలోనే. మరీ పిసినారితనం చేయడానికీ లేదు, కొన్నేళ్ల కాలానికి కలిపి క్యాప్‌లో కనీసం 90 శాతం నగదుగా ఖర్చు చేసి తీరాలి.

ఒక కాంట్రాక్టును విప్పి చూద్దాం

అయిదేళ్లు, 100 మిలియన్లు. అందులో సైనింగ్ బోనస్ 30. బేస్ శాలరీలు వరుసగా 2, 12, 17, 19, 20. బోనస్ 30 మిలియన్లూ సంతకం పెట్టిన ఏడాదే ఆటగాడికి వెళ్తాయి, కానీ క్యాప్‌లో కాంట్రాక్టు ఏళ్ల మీద సమానంగా పరుచుకుంటాయి. గరిష్ఠంగా అయిదేళ్లు. అంటే ఏటా 6.

మొదటి ఏడాది: నగదు 32, క్యాప్‌లో 8
రెండో ఏడాది: నగదు 12, క్యాప్‌లో 18
మూడో ఏడాది: నగదు 17, క్యాప్‌లో 23
నాలుగో ఏడాది: నగదు 19, క్యాప్‌లో 25
అయిదో ఏడాది: నగదు 20, క్యాప్‌లో 26

రెండు వరుసలూ కూడితే వందే వస్తుంది. ఎప్పుడూ అంతే. ఇచ్చిన ప్రతి డాలరూ ఎప్పుడో ఒకప్పుడు క్యాప్‌లో పడాల్సిందే. ఎప్పుడు పడాలన్నదే మీ చేతిలో ఉంటుంది. "క్యాప్ అంతా ఉత్తుత్తిదే" అనేవాళ్లు ఈ రెండో సగాన్ని మాత్రమే చూస్తారు.

ఇప్పుడు మూడో ఏడాది మొదట్లో ఆటగాడి ఆట పడిపోయింది. వదిలేస్తే ఏమవుతుంది? అతనికి ఇవ్వాల్సిన 17 జీతం మిగులుతుంది, గ్యారంటీ లేదనుకుందాం. కానీ ఇంకా లెక్కలోకి రాని బోనస్ వాటాలు మూడు, అంటే 18 మిలియన్లు, ఒక్కసారిగా ఈ ఏడాది మీదే పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు. ఉంచుకుంటే 23, పంపేస్తే 18. మిగిలేది 5 మాత్రమే.

జూన్ 1 తర్వాత వదిలితే లెక్క మారుతుంది. ఈ ఏడాది వాటా 6 మాత్రమే ఇప్పుడు పడుతుంది, మిగతా 12 వచ్చే ఏడాదికి పోతాయి. ఈ ఏడాది మిగిలేది 17. జూన్ దాకా ఆగనక్కర్లేదు, ప్రతి జట్టూ ఇద్దరిని మార్చిలోనే వదిలి "జూన్ 1 తర్వాత" కింద గుర్తు పెట్టుకోవచ్చు. మెలిక ఏమిటంటే, అలా గుర్తు పెట్టినా ఆ వెసులుబాటు చేతికొచ్చేది జూన్ 2నే. మార్చిలో ఫ్రీ ఏజెంట్లను (ఏ జట్టుతోనూ కాంట్రాక్టు లేని ఆటగాళ్లను) కొనడానికి అది పనికిరాదు. డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) తీసుకున్న కుర్రాళ్ల సంతకాలకు, సీజన్ ఖర్చులకు పనికొస్తుంది. మార్చిలోనే డబ్బు కావాల్సిన జట్టు ఈ దారి పట్టడం తరచూ కనిపించే పొరపాటు.

ఆటగాణ్ని వేరే జట్టుకు ట్రేడ్ చేసినా అంతే. అప్పటికే ఇచ్చిన బోనస్ తాలూకు భారం ఇచ్చిన జట్టు మీదే ఉంటుంది, కొత్త జట్టు మిగిలిన జీతాన్ని మాత్రమే మోస్తుంది. 2022లో మ్యాట్ ర్యాన్‌ను ఇండియానాపోలిస్‌కు పంపి అట్లాంటా ఫాల్కన్స్ తెచ్చుకున్నది డ్రాఫ్ట్‌లో ఒక మూడో రౌండ్ పిక్ (ఎంపిక వంతు). మోసిన డెడ్ మనీ 40 మిలియన్ల పైనే.

రీస్ట్రక్చర్: అప్పు చేసి పప్పుకూడు

అదే ఆటగాడు మూడో ఏడాది బాగానే ఆడుతున్నాడు, మీకు క్యాప్‌లో చోటు కావాలి. అతని 17 మిలియన్ల జీతంలో 15 తీసి సైనింగ్ బోనస్‌గా మార్చేస్తారు. అతనికి ఒక్క డాలరూ తగ్గదు, పైగా వారం వారం రావాల్సింది ముందే చేతికొస్తుంది. అందుకే దీనికి ఎవరూ కాదనరు. చాలా కాంట్రాక్టుల్లో ఆటగాణ్ని అడక్కుండానే మార్చుకునే హక్కు ముందే రాసుకుంటారు కూడా. ఆ 15 మిగిలిన మూడేళ్లకు అయిదేసి చొప్పున పరుచుకుంటాయి. ఈ ఏడాది క్యాప్ 23 నుంచి 13కి దిగింది. నాలుగో ఏడాది 30, అయిదో ఏడాది 31 అయ్యాయి.

ఇంకా చోటు కావాలంటే చివర్లో రెండు వాయిడ్ ఇయర్స్ అతికిస్తారు. ఆ ఏళ్లలో అతను ఆడడు. కాంట్రాక్టు అప్పటికి దానంతట అదే రద్దవుతుంది. బోనస్ పరుచుకోవడానికి చాప పొడుగు చేయడమే వాటి పని. ఇప్పుడు 15ను అయిదేళ్లకు పంచితే ఏటా 3. ఈ ఏడాది క్యాప్ 11, తర్వాత 28, 29. ఆరో ఏడాది అతను జట్టులో లేకపోయినా 6 మిలియన్లు డెడ్ మనీగా పడతాయి.

రీస్ట్రక్చర్ అసలు ధర ఆ తర్వాతి ఏళ్ల క్యాప్ పెరగడంలో లేదు. క్యాప్ కూడా పెరుగుతుంది కాబట్టి దాన్ని సర్దుకోవచ్చు. అసలు ధర, తలుపు మూసుకుపోవడం. రీస్ట్రక్చర్ చేయకముందు ఇతన్ని నాలుగో ఏడాది మొదట్లో వదిలేస్తే 12 డెడ్ మనీ పోగా 13 మిగిలేవి. వాయిడ్ ఇయర్స్‌తో మార్చాక అదే రోజు వదిలేస్తే పాత వాటాలు 12, కొత్త వాటాలు 12, మొత్తం 24 డెడ్ మనీ. మిగిలేది 4. ఆట పడిపోయినా, ఒళ్లు సహకరించకపోయినా ఇంకో ఏడాది భరించాల్సిందే. కాబట్టి ఎవరి కాంట్రాక్టును రీస్ట్రక్చర్ చేయాలో ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఎవరి జీతం పెద్దదన్నది కాదు. ఇంకో రెండేళ్లు ఖాయంగా మనతో ఉండేది ఎవరన్నది. ఇరవై ఆరేళ్ల లెఫ్ట్ ట్యాకిల్ అయితే నిశ్చింతగా చేయొచ్చు. ముప్ఫై దాటిన కార్నర్‌బ్యాక్ అయితే చేతులు కట్టుకుని కూర్చోవడం మేలు.

న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ ఏళ్ల తరబడి ప్రతి మార్చిలోనూ క్యాప్‌ను బాగా దాటిపోయి, వరుస రీస్ట్రక్చర్లతో గట్టెక్కుతూ వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) డ్రూ బ్రీస్ ఉన్నన్నాళ్లూ దానికో అర్థం ఉంది. ఆయన వెళ్లాక భారం మిగిలింది, గెలుపులు తగ్గాయి. ఫిలడెల్ఫియా ఈగిల్స్ కూడా భారాన్ని ముందుకు తోసే జట్టే. కానీ కుర్రాళ్లతో ధర పెరగకముందే ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్టు పొడిగింపు) కుదుర్చుకుని, వాళ్ల మీద పరుస్తుంది. పనిముట్టు ఒకటే, వాడిన మనుషుల వయసు వేరు.

గ్యారంటీలు, తేదీలు

"గ్యారంటీ 60 మిలియన్లు" అని వార్తలో ఉంటే అది ఏ గ్యారంటీయో అడగండి. పూర్తి గ్యారంటీ అంటే ఆట బాగా లేదని తీసేసినా, క్యాప్ కోసం తీసేసినా, గాయపడినా ఇవ్వాలి. గాయం గ్యారంటీ అంటే గాయం వల్ల ఆడలేకపోతేనే. సాధారణంగా రెండో ఏడాదో మూడో ఏడాదో జీతం సంతకం నాడు గాయానికి మాత్రమే గ్యారంటీగా ఉండి, ఫలానా మార్చిలో లీగ్ సంవత్సరం మొదలైన మూడో రోజో అయిదో రోజో ఆటగాడు ఇంకా జట్టులో ఉంటే పూర్తి గ్యారంటీగా మారుతుంది. రోస్టర్ బోనస్‌లకూ (జాబితాలో ఉన్నందుకు ఇచ్చేవి) ఇలాంటి తేదీలే పెడతారు. ఏజెంటు కోరేది కూడా ఇదే: వదిలేసేదుంటే మార్చిలోనే, మిగతా జట్ల దగ్గర డబ్బు ఉన్నప్పుడే వదిలేయాలి, ఆగస్టులో కాదు.

డెన్వర్ బ్రాంకోస్, రసెల్ విల్సన్ వ్యవహారంలో ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 2022లో అతనికి 245 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు. 2025 జీతం 37 మిలియన్లు 2024 మార్చిలో పూర్తి గ్యారంటీ కావాల్సి ఉంది, అప్పటిదాకా గాయం గ్యారంటీ. 2023 సీజన్ చివరి రెండు మ్యాచ్‌లకు అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆడి గాయపడితే ఆ 37 మెడకు చుట్టుకుంటాయి మరి. మార్చిలో వదిలేశారు. డెడ్ మనీ మొత్తం 85 మిలియన్లు, 2024కూ 2025కూ పంచారు. 2024 జీతం 39 మిలియన్లు ఎలాగూ గ్యారంటీయే. అక్కడ ఆఫ్‌సెట్ నిబంధన ఉంది: వేరే జట్టు ఇచ్చేది అందులోంచి మినహాయిస్తారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని సీనియర్ల కనీస వేతనం 1.21 మిలియన్లకే తీసుకుంది, మిగతాదంతా డెన్వరే కట్టింది. ఆఫ్‌సెట్ ఉన్నప్పుడు ఆటగాడికి కొత్త జట్టు దగ్గర బేరమాడాల్సిన అవసరం ఉండదు, అతని మొత్తం రాబడి మారదు కాబట్టి. ఇలా బయటికొచ్చే ఆటగాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి.

తేదీల్లో గంటలు కూడా ముఖ్యమే. 2013 మార్చిలో ఎల్విస్ డూమర్విల్ 12 మిలియన్ల జీతాన్ని 8కి తగ్గించుకోవడానికి ఇదే డెన్వర్‌తో ఒప్పుకున్నాడు. సంతకం చేసిన కాగితం ఫ్యాక్స్‌లో గడువు దాటాక చేరింది. 12 మిలియన్లు గ్యారంటీ కాకుండా ఉండాలంటే వదిలేయడం తప్ప జట్టుకు దారి లేకపోయింది. అతను బాల్టిమోర్‌కు వెళ్లిపోయాడు. మాట కుదిరిన రోజే కాగితం మీద పెట్టి లీగ్ ఆఫీసుకు పంపడం మంచిది.

ఆటగాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు

క్యాప్‌లో అన్నిటికంటే చవకైన సరుకు డ్రాఫ్ట్ కుర్రాళ్లు. ఏడు రౌండ్లు. నాలుగేళ్ల కాంట్రాక్టు, ఎన్నో నంబరు పిక్ అనేదాన్ని బట్టి జీతం దాదాపు ముందే ఖాయం. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా మార్చడానికి వీల్లేదు. మొదటి రౌండ్ వాళ్లకు అయిదో ఏడాది ఆప్షన్ ఉంటుంది. మూడో సీజన్ అయ్యాక మే మొదట్లోపు జట్టు దాన్ని తీసుకోవాలి, తీసుకుంటే అది పూర్తి గ్యారంటీ. డ్రాఫ్ట్ కానివాళ్లకు మూడేళ్ల కాంట్రాక్టు. కొత్తవాళ్లతో బేరానికి మిగిలేది గ్యారంటీ ఎంత, బోనస్ ఎప్పుడు ఇస్తారు, ఆఫ్‌సెట్ ఉందా లేదా అన్నవే. 2025లో రెండో రౌండ్ వాళ్లలో మొదటివాడికి పూర్తి గ్యారంటీ దొరకగానే మిగతావాళ్లు చాలామంది జూలై దాకా సంతకం పెట్టకుండా కూర్చున్నారు.

చవక ఎంత చవకో చూడాలంటే బ్రాక్ పర్డీ చాలు. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివరి పిక్, 262. 2023 సీజన్లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌ను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు తీసుకెళ్లినప్పుడు అతని జీతం మిలియన్ డాలర్ల లోపు. 2025లో అదే జట్టు అతనికి అయిదేళ్లకు 265 మిలియన్లు ఇచ్చింది. మధ్యలో ఆ తేడా డబ్బంతా రెండు వైపులా మంచి ఆటగాళ్లను పోగేయడానికి వాడుకోగలిగింది. కుర్ర క్వార్టర్‌బ్యాక్ దొరికితే గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది. ఖరీదైన ఫ్రీ ఏజెంట్లను కొనాల్సింది ఆ రెండు మూడేళ్లలోనే.

కాంట్రాక్టు అయిపోయిన ఆటగాళ్లను సర్వీసును బట్టి చూస్తారు. ఒక సీజన్లో కనీసం ఆరు మ్యాచ్‌లకు పూర్తి జీతంతో జాబితాలో ఉంటేనే ఆ సీజన్ లెక్కకొస్తుంది. మూడుకంటే తక్కువ సీజన్లైతే పాత జట్టు కనీస వేతనంతో ఆఫర్ ఇస్తే చాలు, అతను వేరేచోట బేరమాడలేడు. సరిగ్గా మూడైతే పాత జట్టు టెండర్ (ఏడాది ఆఫర్) ఇచ్చి, ఇతరుల ఆఫర్‌కు సమానంగా ఇచ్చి నిలబెట్టుకోవచ్చు. టెండర్ స్థాయిని బట్టి బదులుగా పిక్ కూడా దక్కొచ్చు. నాలుగు నిండితే పూర్తి స్వేచ్ఛ. కుర్రాడు గాయంతోనో ఆలస్యంగా జట్టులోకి వచ్చో అయిదు మ్యాచ్‌లకే ఆగిపోతే అతని స్వేచ్ఛ ఒక ఏడాది వెనక్కి పోతుందన్నమాట.

స్వేచ్ఛ దొరకబోయేవాణ్ని ఆపే ఆయుధం ఫ్రాంచైజ్ ట్యాగ్. ఏడాదికి ఒకరికే. ఆ స్థానంలో అగ్రశ్రేణి అయిదు జీతాల ఆధారంగా లెక్కగట్టిన మొత్తం, లేదా అతని నిరుటి జీతానికి 120 శాతం, ఏది ఎక్కువైతే అది. ఒక్క ఏడాది, పూర్తి గ్యారంటీ, మొత్తం అదే ఏడాది క్యాప్‌లో. మామూలు ట్యాగ్ అయితే వేరే జట్టు అతన్ని ఎగరేసుకుపోవచ్చు, రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చుకుంటే. జూలై మధ్యలోపు దీర్ఘకాలిక ఒప్పందం కుదరకపోతే ఆ ఏడాదికి ట్యాగే ఖాయం.

ట్యాగ్‌ను వరుసగా వాడితే చేయి కాలుతుంది. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్ 2016లో 19.95, 2017లో 23.94 మిలియన్లు ట్యాగ్ మీదే తీసుకున్నాడు. మూడోసారి నిరుటి జీతానికి 144 శాతం, ఎవరూ భరించరు. 2018లో మూడేళ్లకు 84 మిలియన్లు, మొత్తం గ్యారంటీతో మిన్నెసోటాకు వెళ్లిపోయాడు. జట్టుకు ట్రేడ్‌లో వచ్చింది సున్నా. ఆటగాడు అలిగినా ఇబ్బందే: పిట్స్‌బర్గ్ రన్నింగ్ బ్యాక్ లెవియాన్ బెల్ 2018లో 14.5 మిలియన్ల రెండో ట్యాగ్ మీద సంతకం పెట్టక సీజన్ అంతా ఇంట్లోనే ఉండిపోయాడు.

ఫ్రీ ఏజెంట్ల సంతలో తొలి రెండు రోజుల ధరలు ఎప్పుడూ ఎక్కువే. ఓపిక ఉన్న జట్లు ఇంకో లెక్క చూసుకుంటాయి. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయిన మీ ఆటగాళ్లు బయట పెద్ద జీతాలు తెచ్చుకుంటే, బదులుగా వచ్చే డ్రాఫ్ట్‌లో మూడు నుంచి ఏడో రౌండ్ దాకా అదనపు పిక్‌లు వస్తాయి, ఒక జట్టుకు గరిష్ఠంగా నాలుగు. మీరు అలాంటివాళ్లను కొంటే అవి కొట్టుకుపోతాయి. కానీ పాత జట్టు వదిలేసినవాళ్లను తీసుకుంటే ఈ లెక్కలోకి రాదు. డ్రాఫ్ట్ అయిన తర్వాతి సోమవారం దాటాక కొన్నా రాదు. మధ్యరకం ఫ్రీ ఏజెంటుకు ఏప్రిల్‌లో నాలుగు మిలియన్లు ఇవ్వబోతుంటే, మే దాకా ఆగితే అదే మనిషి ఇంకా చవకగా, పిక్ పోకుండా దొరుకుతాడేమో చూడండి.

సీనియర్లకు ఇంకో వెసులుబాటు ఉంది. నాలుగు సీజన్లు నిండినవాళ్లను ఏడాదికి కనీస వేతనం మీద తీసుకుంటే, క్యాప్‌లో రెండు సీజన్లవాడి కనీస వేతనమే పడుతుంది. 2025లో పదేళ్లు ఆడినవాడు 1.255 మిలియన్లు తీసుకుంటాడు, క్యాప్‌లో పడేది 1.03. తొమ్మిదో లైన్‌మన్, మూడో టైట్ ఎండ్ ఇలాగే వస్తారు.

ఆగస్టు చివర: 90 నుంచి 53

సీజన్‌కు 53 మందినే ఉంచుకోవాలి కాబట్టి ఒక్క రోజులో 37 మందిని తీసేయాలి. 53 మందిని సాధారణంగా ఇలా సర్దుతారు: క్వార్టర్‌బ్యాక్‌లు 2, రన్నింగ్ బ్యాక్‌లు 4, టైట్ ఎండ్‌లు 3, రిసీవర్లు 6, అఫెన్సివ్ లైన్ 9, డిఫెన్సివ్ లైన్ 10, లైన్‌బ్యాకర్లు 5, సెకండరీ 11, కిక్కర్, పంటర్, లాంగ్ స్నాపర్. కోచ్‌ల పద్ధతిని బట్టి ఒకటీ రెండూ అటూ ఇటూ అవుతాయి. లైన్‌లో మాత్రం చేయి బిగించకండి. మ్యాచ్ రోజు 48 మందిని దించాలంటే వాళ్లలో ఎనిమిదిమంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉండాలి, లేకపోతే 47 మందే. చివరి అయిదారు చోట్లకు పోటీ పడేవాళ్లలో కిక్‌ఆఫ్, పంట్ టీముల్లో ఎవరు పనికొస్తారన్నదే తేలుస్తుంది. అయిదో రిసీవర్ ఎంత బాగా బంతి పట్టినా ట్యాకిల్ చేయలేకపోతే చోటు కష్టం.

నాలుగు సీజన్లు నిండనివాళ్లను వదిలితే వేవర్స్‌కు వెళ్తారు, అంటే మిగతా జట్లు వాళ్లను వరసగా అడగొచ్చు. నిరుడు అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం. ఎవరు తీసుకుంటే వాళ్లకు ఆ కాంట్రాక్టు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎవరూ అడక్కపోతే మీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (53కు బయట ఉండి సాధన చేసే బృందంలో) చేర్చుకోవచ్చు, 16 చోట్లు. నాలుగు సీజన్లు నిండిన సీనియర్లకు వేవర్స్ లేవు, నేరుగా స్వేచ్ఛే. అందుకే జట్లు ఓ కిటుకు వాడతాయి: మాట తీసుకుని సీనియర్‌ను వదిలేసి, పోతాడని భయమున్న కుర్రాణ్ని 53లో ఉంచి, ఒకటి రెండు రోజుల్లో గాయపడినవాళ్లను ఐఆర్‌కు (గాయాల జాబితాకు) మార్చి సీనియర్‌ను వెనక్కి తెచ్చుకుంటాయి. 53లోకి చేరకముందే ఐఆర్‌కు వెళ్లినవాడు ఆ సీజన్‌కు తిరిగి రాలేడు, జట్టు ముందే గుర్తు పెట్టే ఇద్దరు తప్ప. చేరాక వెళ్తే నాలుగు మ్యాచ్‌ల తర్వాత రావచ్చు. సీజన్ మొత్తంలో ఇలా ఎనిమిదిసార్లు తెచ్చుకోవచ్చు.

కాంట్రాక్టు మీద ఉండి క్యాంపుకు రానివాళ్ల విషయం రెండు మాటల్లో: రోజుకు 50,000 డాలర్ల జరిమానా. రూకీ కాంట్రాక్టు (లీగ్‌లోకి వచ్చినప్పటి తొలి కాంట్రాక్టు) మీద ఉంటే 40,000. రెండో రకాన్నే జట్టు మాఫీ చేయగలదు.

మొదటి వారం మ్యాచ్‌కు సీనియర్ 53లో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది జీతం మొత్తం అడిగే హక్కు అతనికి వస్తుంది. రెండో వారం ముందు ఎందుకో అందరూ ఒక్కసారిగా సీనియర్లను తీసుకుంటుంటే కారణం అదే.

ఇక 51 మంది వెసులుబాటు పోయే చోటుకు వద్దాం. సెప్టెంబరు నుంచి 53 మందీ, ఐఆర్ మీదున్నవాళ్లూ, ప్రాక్టీస్ స్క్వాడూ అందరూ క్యాప్‌లో పడతారు. 2025 అంకెలతో లెక్కేస్తే, ప్రాక్టీస్ స్క్వాడ్‌కు వారానికి కనీసం 13,000 డాలర్లు, 16 మంది, 18 వారాలు: 3.744 మిలియన్లు. 52, 53వ ఆటగాళ్లు రూకీ కనీస వేతనం మీద ఉన్నా 0.84 చొప్పున 1.68. అంటే ఒక్క గాయం కాకముందే 5.4 మిలియన్లు మాయం. ఐఆర్‌కు వెళ్లినవాడి జీతం ఆగదు, అతని చోటులో వచ్చినవాడిది అదనం. కాబట్టి ఆగస్టులో దీనికి రెట్టింపు చోటైనా చూసుకోని జట్టు అక్టోబరులో ఎవరో ఒకరి కాంట్రాక్టును రీస్ట్రక్చర్ చేయక తప్పదు, అదీ మిగిలిన వారాల జీతం మీదే కాబట్టి దొరికేది తక్కువ.

సీజన్ నడుస్తుండగా

ప్రతి మ్యాచ్‌కూ ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిని పైకి తేవచ్చు, ఒక్కొక్కరిని సీజన్‌కు మూడుసార్లు. నాలుగోసారి కావాలంటే 53లో చోటివ్వాలి. వేరే జట్టు మీ ప్రాక్టీస్ స్క్వాడ్ ఆటగాణ్ని నేరుగా తన 53లోకి తీసుకోవచ్చు, మీరు ఆపలేరు. మంచి కుర్రాణ్ని అక్కడ దాచడం ప్రమాదమే. ట్రేడ్ గడువు తొమ్మిదో వారం మ్యాచ్‌ల తర్వాత ముగుస్తుంది. ఆ తర్వాత వదిలితే సీనియర్లు కూడా వేవర్స్‌కే వెళ్తారు.

ఇన్సెంటివ్‌ల (సాధిస్తేనే వచ్చే డబ్బు) లెక్క చివర తేలుతుంది. నిరుడు సాధించినదాన్ని బట్టి "రావచ్చు" అనిపించేవి ముందే క్యాప్‌లో వేస్తారు, మిగతావి వస్తే వచ్చే ఏడాది క్యాప్‌లోంచి కోస్తారు. మ్యాచ్‌కు 51,000 చొప్పున రోస్టర్ బోనస్ ఉన్నవాడు నిరుడు గాయంతో 10 మ్యాచ్‌లే ఆడి ఉంటే, ఈ ఏడాది క్యాప్‌లో ముందుగా పడేది 5,10,000. 17 మ్యాచ్‌లూ ఆడితే మిగిలిన 3,57,000 ఆ తర్వాత కలుస్తాయి. గాయాల చరిత్ర ఉన్నవాడితో బేరమాడేటప్పుడు జీతంలో కొంత భాగాన్ని ఇలా మార్చమని అడగండి. ఆడితే అతనికి నష్టం లేదు, ఆడకపోతే మీకు మిగులుతుంది.

సీజన్ ముగియగానే ప్రాక్టీస్ స్క్వాడ్ కుర్రాళ్లతో వచ్చే ఏడాదికి సంతకాలు పెట్టించుకోండి, లేకపోతే వాళ్లు ఎవరితోనైనా వెళ్లిపోవచ్చు. ఆ వెంటనే వాయిడ్ ఇయర్స్ ఉన్న కాంట్రాక్టుల రద్దు తేదీలు తీయండి. చాలావరకు ఫిబ్రవరి, మార్చిల్లోనే ఉంటాయి. ఆ ఆటగాణ్ని ఉంచుకోవాలనుకుంటే రద్దు కాకముందే ఎక్స్‌టెన్షన్ కుదరాలి. అలా కుదిరితే పాత వాటాలు ఏ ఏడాదివి ఆ ఏడాదిలోనే ఉంటాయి. ఒక్క రోజు ఆలస్యమై కాంట్రాక్టు రద్దయ్యాక మళ్లీ అదే ఆటగాణ్ని తీసుకుంటే, పాత డెడ్ మనీ మొత్తం ఈ ఏడాదే పడుతుంది, దాని మీద కొత్త జీతం అదనం.